గోడవైపు కుర్చీ

జులై 7, సోమవారం

ఈ డైరీని జనవరిలో ఒక మోటార్ల కంపెనీ వాళ్లు మా ఆయన దుకాణానికి ఇచ్చి పోయారు. అట్ట మీద బోరు మోటారు బొమ్మ. ఆరు నెలలుగా ఫ్రిజ్ మీదే పడి ఉంది. ఇవాళ దుమ్ము దులిపి తెచ్చుకున్నాను. ఎవరితోనూ అనలేని మాట ఒకటి ఉంది, అందుకే.

బడికి ఐదు కంప్యూటర్లు వచ్చాయి. వాటిని చూస్తే నాకు భయంగా ఉంది.

అంతే. రాసి చూసుకుంటే ఇంత చిన్న మాటా అనిపిస్తోంది.

జులై 9, బుధవారం

మా బడిలో టీచర్లం ఇద్దరమే, నేను, శైలజ. హెచ్.ఎం. పని కూడా నా నెత్తినే ఉంది. శైలజ వయసు ఇరవై ఆరు, నా సర్వీసు ఇరవై ఏడు. సిద్దిపేటలో ఒకే దుబ్బాక బస్సు ఎక్కుతాం. ఆమె దారంతా ఫోన్లో ఏదో ఒకటి నేర్చుకుంటూ ఉంటుంది. నేను కిటికీ పక్కన కునుకు తీస్తాను.

కంప్యూటర్లను శైలజే మూలగదిలో పెట్టించింది. పిల్లలు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటారు. తెర మీద కథ వస్తుంది. పైకి చదవాలి. సరిగ్గా చదివిన మాట పచ్చగా మారుతుంది, తప్పు చదివితే ఎర్రగా. మళ్లీ చదివేదాకా ఆ యంత్రం ఆగుతుంది.

"మస్తు ఓపిక మేడం దీనికి. ఎన్నిసార్లు తప్పు చదివినా కోపం రాదు," అంది శైలజ.

"మంచిదే కదా," అన్నాను.

నాకు కోపం ఎక్కువని ఎవరూ అనలేదు. ఊరికే రాస్తున్నాను.

జులై 15, మంగళవారం

మూడో తరగతి లాస్య ఇవాళ కూడా మాట్లాడలేదు.

ఇందులో కొత్తేమీ లేదు. ఒకటో తరగతిలో చేరినప్పటి నుంచి బడిలో ఆ పిల్ల నోటి నుంచి ఒక్క మాట వినలేదు. మూగ కాదు. ఇంట్లో నానమ్మతో గడియ ఆగకుండా మాట్లాడుతుందని ఆటో నడిపే వాళ్ల నాన్న నాగేశ్ చెబుతాడు. సిద్దిపేటలో డాక్టరుకు చూపిస్తే గొంతులో ఏ లోపమూ లేదు, బెదురు, మెల్లగా పోతుంది అన్నారట. చక్కగా రాస్తుంది. లెక్కలు చేస్తుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. గొంతును మాత్రం బడి గేటుకు తగిలించి లోపలికి వస్తుంది కాబోలు.

నేను చేయని ప్రయత్నం లేదు. పక్కన కూర్చోబెట్టుకున్నాను. సకినాలు తెచ్చిపెట్టాను. గడ్డం పట్టుకుని, "ఒక్కసారి మేడం అను బిడ్డా, నా బంగారం కదా," అని బతిమాలాను. నా కళ్లలోకే చూస్తూ ఉంటుంది. చూస్తూ చూస్తూ ఆ కళ్లు నిండిపోతాయి. వదిలేస్తాను. మర్నాడు మళ్లీ మొదలుపెడతాను.

పొద్దున్నే హాజరు కోసం ఒక్కొక్కరి ముఖం ముందు ఫోన్ పట్టాలి. మిగతా పిల్లలకు అదొక పండగ, జుట్టు దువ్వుకుని నిలబడతారు. లాస్య కళ్లు గట్టిగా మూసుకుంటుంది. ఫోన్ ఆమెను గుర్తుపట్టనంటుంది. అందరూ అయిపోయాక, ఆమె ఏ కాకినో చూసి కళ్లు తెరిచినప్పుడు, గబుక్కున పట్టుకోవాలి.

జులై 18, శుక్రవారం

లాస్య చదివింది.

నాకు కాదు. కంప్యూటరుకు.

మధ్యాహ్నం అన్నాల తర్వాత నేను రెండో తరగతికి ఎక్కాలు చెప్పిస్తుంటే శైలజ పరుగెత్తుకొచ్చింది. ఆ గదిలో ఐదుగురు పిల్లలు చెవులకు తగిలించుకుని ఎవరి కథ వాళ్లు గట్టిగా చదువుతున్నారట. శైలజ బల్ల కింద దూరి వైర్లు సర్దుతోందట. ఎవరిదో కొత్త గొంతు వినబడి, ఎవరబ్బా అని తల బయటికి పెట్టిందట.

"లాస్య, మేడం. మన లాస్య."

చదివినదంతా యంత్రం దాచిపెడుతుందట. పిల్లలు వెళ్లాక శైలజ నా చెవులకు ఆ డొప్పలు తగిలించి వినిపించింది.

సన్నగా ఉంటుందనుకున్నాను. కాదు. కాస్త బొంగురు గొంతు, నిద్ర లేచినట్టు. పదానికీ పదానికీ మధ్య ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతోంది. "తాత... అంగడికి... పోయిండు."

మళ్లీ పెట్టమన్నాను. మళ్లీ.

తెర మీద 'పోయాడు' అని ఉంది. పిల్ల 'పోయిండు' అంది. యంత్రం ఎరుపు చూపించింది. పిల్ల మళ్లీ 'పోయిండు' అంది. మళ్లీ ఎరుపు. మూడోసారి కూడా 'పోయిండు' అనేసరికి అదే విసిగి ముందుకు పోయింది.

"దానికి మన మాట రాదు మేడం," అని శైలజ నవ్వింది.

నేనూ నవ్వాను. ఆ ఎరుపు చూసి నాకు కొంచెం ఎక్కువే హాయిగా అనిపించింది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. రామేశ్వర్‌కు దుకాణంలో మోటార్ల తీగ చుట్టడం పని. చెప్పేదంతా వింటూ అన్నం కలుపుకున్నాడు.

"మంచి ముచ్చటనే కదనే. మరి మొకం గట్ల వెట్టినవేంది?"

"ఎట్ల పెట్టిన?"

"సవతి ఇంటికొచ్చినట్టు."

ఆయనకు అన్నీ నవ్వులాటే.

జులై 22, మంగళవారం

సంతోషంగా ఉంది. రెండేళ్ల నుంచి కోరుకున్నదే కదా. పిల్ల చదువుతోంది. ఎవరి దగ్గర చదివితేనేం?

జులై 25, శుక్రవారం

ఎవరి దగ్గర చదివితేనేం అని మొన్న రాశాను. నిజమే.

ఆగస్టు 1, శుక్రవారం

ఇవాళ్టిది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

లాస్య వంతు వచ్చినప్పుడు మూలగది ఫ్యాను చప్పుడు చేస్తోందేమో చూద్దామని వెళ్లాను. ఫ్యాను బాగానే ఉంది. తలుపు పక్కన నిలబడ్డాను. లోపలి నుంచి ఆ బొంగురు గొంతు. రికార్డు కాదు, అసలుది. కథలో మేక పిల్ల తప్పిపోయింది, లాస్య దాన్ని వెతుకుతోంది. మేకపిల్ల దొరికే చోట ఆమె గొంతు కొంచెం లేచింది. నేను ఒక్క అడుగు ముందుకు వేశాను. నా నీడ ఆమె బల్ల మీద పడింది.

గొంతు ఆగిపోయింది. తిరిగి నన్ను చూసింది. నేను నవ్వాను. "చదువు బిడ్డా, నేను వింటలేను, పోతున్న," అన్నాను. తల దించుకుని హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

నేను అనవసరంగా నవ్వానేమో.

ఆగస్టు 6, బుధవారం

ఇప్పటికీ కంప్యూటరు ముందు కూర్చుంటోంది కానీ చదవడం లేదు. శైలజ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆగస్టు 12, మంగళవారం

మళ్లీ మొదలుపెట్టింది. నేను ఆ వైపు వెళ్లడం లేదు. నీళ్ల ట్యాంకు దగ్గరికి కూడా ముందు వైపు నుంచి తిరిగి పోతున్నాను.

ఆగస్టు 14, గురువారం

నాగేశ్ వచ్చాడు. రేపటి జెండా పండుగకు మైకు సెట్టు ఆటోలో తెచ్చి దించి, కాసేపు నిలబడ్డాడు.

"మేడం, మా లాస్య కంప్యూటర్ కాడ సదువుతుందంట గద. శైలజ మేడం జెప్పిన్రు."

"అవును నాగేశ్. మంచిగ చదువుతుంది."

"గదే. నేను దాని గురించే సోంచాయించిన. సిద్దిపేటల ప్రైవేట్ బడిల అన్ని కంప్యూటర్ల మీదనే జెప్తరట. దీనికి కంప్యూటరే పడ్డదంటే ఆడికే తోలుదామనుకుంటున్న. దసరా ఎల్లనియ్యుండ్రి, అటెన్క టీసీ తీస్కపోత."

"ఇక్కడ కూడ ఉన్నయి కదా కంప్యూటర్లు."

"ఉన్నయి మేడం." కాలితో నేల మీద గీశాడు. "మీరు మస్తు కష్టపడ్డరు. నాకెర్కే. గని రెండేండ్లాయె, మీతోని ఒక్క మాట మాట్లాడకపాయె."

అందులో అబద్ధమేమీ లేదు. ఆలోచించుకోమని చెప్పి పంపాను.

ఆగస్టు 18, సోమవారం

రాత్రి భోజనాల దగ్గర, వీఆర్ఎస్ తీసుకుందామా అని మా ఆయన్ని అడిగాను. ఎందుకన్నాడు. మోకాళ్ల నొప్పులు, బస్సు కుదుపులు అన్నాను.

"మోకాళ్లా?" అన్నాడు.

"మోకాళ్లే."

"మోకాళ్లయితే జండూబామ్ రాసుకో. వేరే ఏదన్న అయితే చెప్పు."

చెప్పలేదు. ఏమని చెప్పాలి? ఇరవై ఏడేళ్లు పాఠం చెప్పినదాన్ని. ఒక పెట్టె వచ్చి రెండు వారాల్లో ఆ పిల్ల నోరు తెరిపించింది. దానికి అమ్మ ఒడి తెలియదు, సకినాలు చేయడం తెలియదు. అందరికీ ఒకే గొంతుతో "బాగా చదివావు" అంటుంది. నేను అలా ఒకే గొంతుతో ఎప్పుడూ అనలేదు. ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్కలా అన్నాను.

ఆగస్టు 25, సోమవారం

కోతులు వచ్చి డాబా మీది నెట్ కేబుల్ తెంపేశాయి. తెంపి ఊరుకోక పీచు పీచు చేసి ముందరి చెట్టుకు తోరణం కట్టాయి. నెట్ రాకపోతే చదివించే ప్రోగ్రాం తెరుచుకోదట. కేబుల్ వేసే అతను వచ్చి చూసి, స్తంభం దగ్గర నుంచి మొత్తం కొత్తది లాగాలి, సామాను రావాలి, దసరా దాకా ఆశ పెట్టుకోవద్దన్నాడు.

నిజం రాసుకోవాలి కదా. వినగానే ముందు సంతోషించాను. తర్వాత లాస్యను చూశాను. ఆమె వంతు రాగానే వెళ్లి, నల్లటి తెర ముందు కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. గంట కొట్టే వరకూ అలాగే కూర్చుంది.

ఆ సంతోషానికి సిగ్గుపడ్డాను.

సెప్టెంబర్ 3, బుధవారం

యంత్రం లేదు కదా, నేను ఉన్నాను కదా అని పక్కన కుర్చీ వేసుకున్నాను. అదే కథ పుస్తకంలో చూపించాను. "నాకు చదివి వినిపియ్యవా?" అన్నాను. బతిమాలనని ఒట్టు పెట్టుకుని వెళ్లి, వెళ్లిన నిమిషంలోనే బతిమాలాను. మళ్లీ ఆ కళ్లు నిండాయి.

శైలజ నన్ను పక్కకు పిలిచి, "ఉండనియ్యుండ్రి మేడం," అంది మెల్లగా. నాకు చిన్నప్పుడు మా అక్క చెప్పినట్టే ఉంది. నా కన్నా పాతికేళ్లు చిన్నది.

సెప్టెంబర్ 9, మంగళవారం

పరీక్ష పేపరు ఇక కంప్యూటర్లోనే టైపు చేసి పంపాలట. దానికి నెట్‌తో పని లేదు కాబట్టి తప్పించుకునే దారి లేదు. బడి వదిలాక శైలజ నన్ను కూర్చోబెట్టింది. తను పక్కన.

మౌసు కదిపితే బాణం ఎక్కడికో పోతోంది. 'క' కొడితే ఇంకేదో పడుతోంది. శైలజ విసుక్కోలేదు. నా చేతి వంకా, తెర వంకా, నా ముఖం వంకా చూస్తోంది. చాలా ప్రేమగానే చూస్తోంది. "వస్తది మేడం, వస్తది, మీరు చేయగలుగుతరు," అంటోంది. ఆమె అలా అంటున్న కొద్దీ నా వేలు పక్క అక్షరం మీద పడింది. ఇరవై ఏడేళ్ల నుంచి నల్లబల్ల మీద రాస్తున్న చెయ్యి ఇది.

"శైలజా, నువ్వు జర అటు తిరుగు," అన్నాను.

"మేడం?"

"అటు తిరిగి నీ పని చూసుకో. నన్ను చూడకు."

కుర్చీ తిప్పుకుని ఫోన్ తీసుకుంది. నేను ఒక తప్పు కొట్టాను, చెరిపాను. ఇంకో తప్పు. ఎవరికీ తెలియలేదు. మూడోసారి 'కింది ప్రశ్నలకు జవాబులు రాయండి' అని మొత్తం పడింది. తప్పులు లేకుండా.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కునుకు పట్టలేదు. రంగధాంపల్లి దాటాక తట్టింది.

ఆ యంత్రం లాస్యను చూడదు.

ఓపికా కాదు, కంఠమూ కాదు, పచ్చ రంగూ కాదు. దానికి కళ్లు లేవు. ఫోన్ ముఖం ముందుకొస్తే ఆ పిల్ల కళ్లు మూసుకుంటుంది. నేను గడ్డం పట్టుకుని ముఖంలోకి చూస్తే కళ్లు నింపుకుంటుంది. రెండేళ్లుగా నేను ఆమెను ఎంత ప్రేమగా చూశానో.

సెప్టెంబర్ 10, బుధవారం

మూలగదిలో నా కుర్చీని గోడవైపు తిప్పి వేసుకున్నాను. వెనకాల చాప మీద లాస్య, ఆమె ముందు కథల పుస్తకం.

"నేను ఇటు తిరిగి నా పని చేసుకుంట. నీకు చదువాలనిపిస్తే చదువు. లేకుంటే ఊకనే కూసో. నేను తిరుగ," అన్నాను.

గోడకు పాత అక్షరాల చార్టు ఉంది. 'ఋ' దగ్గర ఋషి గడ్డం ఊడిపోయింది. సున్నం పెచ్చులు లేచిన చోట ఒక మేక ఆకారం ఉంది. గంట కొట్టే వరకూ ఆ రెండింటినీ చూశాను.

ఆమె చదవలేదు. నేను తిరగలేదు.

సెప్టెంబర్ 11, గురువారం

అదే.

సెప్టెంబర్ 12, శుక్రవారం

పేజీ తిప్పిన చప్పుడు వినబడింది.

వెనక్కి తిరగకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఎవరికైనా చెబితే నవ్వుతారు. మెడ దానంతట అదే తిరుగుతుంది. రెండు చేతులతో కుర్చీ పట్టుకున్నాను.

సెప్టెంబర్ 16, మంగళవారం

మూలగదిలో మధ్యాహ్నం ఎండ గోడ మీదికి వస్తుంది. సున్నం మేకను చూస్తున్నాను. ఇంటికి పోయేటప్పుడు కూరగాయలు కొనాలి, బీరకాయలా, దొండకాయలా అనుకుంటున్నాను. నిజంగానే వాటి గురించే ఆలోచిస్తున్నాను.

"తాత."

నా వీపుకు వినబడింది, చెవులకు తర్వాత.

"తాత... ఎడ్లను... కట్టిండు."

నేను ఊపిరి బిగబట్టాను. అలా బిగబడితే తెలిసిపోతుందని మళ్లీ వదిలాను. మా అమ్మ కథ వినేటప్పుడు అనేది కదా, అలా "ఊ" అన్నాను. అంతే. బాగా చదివావు అనలేదు. బంగారం అనలేదు.

"తాత అంగడికి పోయిండు."

"ఊ."

పుస్తకంలో 'పోయాడు' అనే ఉంది. ఎలా పోతేనేం, తాత అంగడికి చేరాడు.

ఒక పేజీ చదివింది. గంట కొట్టగానే లేచి పరుగెత్తింది. నేను ఆ గోడ వైపు తిరిగే కాసేపు కూర్చున్నాను. శైలజ వచ్చి, "ఏమైంది మేడం?" అంది. ఏమీ కాలేదన్నాను. నా ముఖం చూసి తను కూడా కళ్లు తుడుచుకుంది. మేమిద్దరం ఇలా ఉంటే ఇక పిల్లలను ఎవరు ఊరుకోబెట్టాలి?

బీరకాయలు కొనడం మర్చిపోయాను.

సెప్టెంబర్ 18, గురువారం

రోజూ చదువుతోంది. మేకపిల్ల కథ, చెరువు కథ. కోపం వచ్చే చోట కోపంగా, ఏడ్చే చోట ముక్కు ఎగబీల్చి. ఇలా చదవాలని నేను నేర్పలేదు. ఆ యంత్రమూ నేర్పలేదు. వాళ్ల నానమ్మ దగ్గరి నుంచి వచ్చి ఉంటుంది.

శైలజ ఒక ఉపాయం చెప్పింది. "మీరు అటే చూసుకుంట కూసోండ్రి మేడం, నేను కిటికీ కాంచి వీడియో తీస్త. నాగేశ్‌కు పంపుదాం. చూసిండంటే టీసీ అడుగడు."

మంచి ఉపాయం. పది సెకన్ల పని. లాస్యకు తెలియను కూడా తెలియదు.

వద్దన్నాను. తీయాలని శైలజ కన్నా నాకే ఎక్కువగా ఉంది. బస్సు దిగాక కూడా ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది.

సెప్టెంబర్ 20, శనివారం

రేపటి నుంచి దసరా సెలవులు. బడిలో బతుకమ్మ ఆడాం. పిల్లలు తంగేడు, గునుగు మోపులు మోపులుగా తెచ్చారు. లాస్య కూడా చప్పట్లు కొట్టింది.

సెలవులయ్యాక వస్తుందా అని అడగలేదు. ఎవరిని అడగాలి?

సెప్టెంబర్ 27, శనివారం

ఇల్లంతా పండగ పనులు. మా ఆయన, "సెలవులల్ల కూడ గోడ దిక్కు ఏం సూస్తున్నవే?" అన్నాడు. అప్పుడు అంతా చెప్పాను. మోకాళ్ల సంగతి కూడా.

అంతా విని తను అటు తిరిగి కూర్చుని, "ఇగ చెప్పు, ఇంకేమన్న ఉంటే," అన్నాడు.

నవ్వలేక చచ్చాను. ఇంకేమీ లేదు, అదే అన్నాను. వీఆర్ఎస్ సంగతి మళ్లీ ఎత్తలేదు.

అక్టోబర్ 4, శనివారం

బడి తెరిచాం. లాస్య వచ్చింది. కొత్త గౌను, చేతుల నిండా గోరింటాకు. పదమూడు రోజుల సెలవుల్లో గొంతు మళ్లీ గేటుకు తగిలించుకుందేమో అనుకున్నాను. మధ్యాహ్నం చాప మీద కూర్చుని ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడి నుంచి మొదలుపెట్టింది.

అక్టోబర్ 7, మంగళవారం

నాగేశ్ వచ్చాడు.

మూలగదిలో నేను గోడవైపు కూర్చుని ఉన్నాను, లాస్య చదువుతోంది. ఆటో ఆగిన చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు. గొంతు ఆగిపోయింది. నేను లేచి తిరిగాను. నాగేశ్ గుమ్మంలో నిలబడి కుర్చీని, గోడను, నన్ను చూశాడు.

"ఇదేంది మేడం, గోడ దిక్కు మొకం వెట్టుకున్నరు?"

"కూసో నాగేశ్," అని బల్ల కింది నుంచి ఇంకో కుర్చీ లాగాను. నేను కూర్చున్నాను, అతను నిలబడే ఉన్నాడు. జరిగినదంతా చెప్పాను. నెట్ లేకపోవడం, కుర్చీ తిప్పుకోవడం, చదవడం. దాచకుండా చెప్పాను. లాస్య పుస్తకం మూసి వేలు మధ్యలో పెట్టుకుని నేల చూస్తోంది.

అతను నమ్మలేదు. అతని తప్పు కూడా కాదు. ఏ తండ్రి నమ్ముతాడు?

"మీతోని సదివిందా? కంప్యూటర్ లేకుంటనే?"

"చదివింది."

"అయితే ఒక్కపారి సదివియ్యుండ్రి మేడం. నా చెవులతోని ఇంట. ఇంటే ఇగ టీసీ ముచ్చటనే ఎత్త."

ఎంత తేలికైన మాట. లాస్య వైపు చూశాను. అలా చూశానని చూశాకే తెలిసింది. ఆ పిల్ల కళ్లలోకి నీళ్లు వస్తున్నాయి. 'ఒక్కసారి చదువు బిడ్డా, నా కోసం' అని నాలుక చివరి దాకా వచ్చింది. ఎన్నిసార్లు అన్న మాటో.

"నేను చదివియ్య నాగేశ్," అన్నాను.

"అంటే?"

"తనకు చదువాలనిపిస్తే చదువుతది. నీకు చూపియ్యనీకి నేను చదువుమన్ననంటే మళ్ల నా ముందట ఎన్నడు నోరు దెరువది. నీకు టీసీ కావాల్నంటే రాసిస్త. ఆడ కూడ మంచిగనే చూసుకుంటరు. గని నేనైతే చదువుమన."

గొంతు మామూలుగా ఉండేలా చూసుకున్నాను. ఉందో లేదో తెలియదు.

"మీ ఇష్టం మేడం, రాసియ్యుండ్రి అయితే," అన్నాడు నాగేశ్. కోపంగా కాదు, అలసటగా.

టీసీ పుస్తకం ఆఫీసు బీరువాలో ఉంది. లేవాలి. లేవలేకపోయాను. ఏం చేయాలో తోచక, ఈ నాలుగు వారాల అలవాటు కొద్దీ, కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చున్నాను. తండ్రి ముందర నా ముఖం కనిపించకూడదని కూడా అయి ఉండవచ్చు.

గోడ మీద సున్నం మేక. గడ్డం లేని ఋషి.

వెనకాల చాప కదిలింది. చిన్న పాదాల చప్పుడు. పోతోంది అనుకున్నాను, తండ్రి చెయ్యి పట్టుకుని. తర్వాత కుర్చీ నేల మీద ఈడ్చిన చప్పుడు. ఆగింది. మళ్లీ ఈడ్చింది, బరువుగా, కొంచెం కొంచెంగా.

"బాపూ."

పుస్తకంలోని మాట కాదు. తన సొంత మాట. ఈ బడిలో మొదటిది.

"బాపూ, గటు తిరుగు."

నేను తిరగలేదు. నా పక్కనే, మూరెడు దూరంలో, ఇంకో కుర్చీ గోడవైపు వచ్చి ఆగింది. నాగేశ్ మోకాళ్లు, ఖాకీ ప్యాంటు కనిపిస్తున్నాయి. మేమిద్దరం తప్పు చేసిన పిల్లల్లా గోడను చూస్తూ కూర్చున్నాం.

చాప మీద పేజీ తిరిగింది. ఊపిరి తీసుకోవడం వినబడింది.

"చెరువు నిండింది," అని మొదలుపెట్టింది లాస్య. "ఊరంతా చూడబోయిన్రు."

నేను "ఊ" అన్నాను. కాసేపటికి పక్క నుంచి కూడా "ఊ" అని వినబడింది. ఖాకీ ప్యాంటు మీద ఒక చుక్క పడింది, ఇంకొకటి. నేను మేకను చూశాను.

కథ అయిపోయింది. లాస్య గంట కోసం ఆగకుండానే బయటికి పరుగెత్తింది. నాగేశ్ లేచి కుర్చీని జాగ్రత్తగా మళ్లీ బల్ల కిందికి తోశాడు.

"ఈ ఏడు ఈడనే ఉండనియ్యుండ్రి మేడం. వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు జూద్దాం."

"సరే," అన్నాను.

గుమ్మం దగ్గర ఆగాడు. "గీ గోడకు జర సున్నం కొట్టియ్యుండ్రి. మీరు రోజు సూసుడేనాయె."

అక్టోబర్ 8, బుధవారం

శైలజ ఐదుగురు పిల్లల పేర్లు రాసుకుని వచ్చింది, చదవడానికి భయపడేవాళ్లవి. "మనం ఇంకో కుర్చీ తిప్పుదామా మేడం?" అంది. తను ఒక కుర్చీలో, నేను ఒక కుర్చీలో. పిల్లలకు ఇదొక ఆట అయిపోయింది. మాకు మెడలు పట్టేశాయి.

అక్టోబర్ 13, సోమవారం

కొత్త కేబుల్ వచ్చింది. ఈసారి పైపులో వేశారు. కోతులు పైకి ఎక్కి చూసి ఏమీ దొరకక దిగిపోయాయి. కంప్యూటర్లు మళ్లీ మొదలయ్యాయి. మూలగదిలో మళ్లీ ఒకటే హోరు.

మంచిదే. నేను ఒక్కదాన్ని అందరికీ ఎంతసేపని వీపు చూపించగలను? దాని పని అది చేస్తుంది. ఇవాళ నేనే ఇద్దరు పిల్లలకు హెడ్‌ఫోన్లు సర్ది, మౌసుతో కథ తెరిచి ఇచ్చాను. బాణం ఎటూ పోలేదు.

అక్టోబర్ 15, బుధవారం

లాస్య ఇవాళ కంప్యూటర్ దగ్గరే చదివింది. నిన్న కూడా. నా దగ్గరికి రాలేదు. నాకేమీ అనిపించలేదు. అసలు చూడను కూడా చూడలేదు, ఎప్పుడు కూర్చుంది, ఎప్పుడు లేచింది, ఎన్ని కథలు చదివింది, మూడోది సగంలో ఎందుకు ఆపింది, ఇవేవీ.

సాయంత్రం గంట కొట్టాక వరండాలో కూర్చుని కాపీలు దిద్దుతున్నాను. పిల్లలు సంచులు ఊపుకుంటూ నా వెనక నుంచి పోతున్నారు. అందరూ అరుపులు, కేకలు. ఆ గోలలో, నా భుజం వెనక నుంచి, నిద్ర లేచినట్టుండే ఆ బొంగురు గొంతు.

"పోయొస్త మేడం."

ఎర్ర పెన్ను కాగితం మీదే ఆగింది. తిరగలేదు. తల కూడా ఎత్తలేదు.

"ఊ, పైలం," అన్నాను.